ఉపకులపతులకు బహిరంగ లేఖ: గోడచాటు రౌటరును వెదకుట గూర్చి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలోని విశ్వవిద్యాలయముల ఉపకులపతులకు,



ఇరువదియారు సంవత్సరములు ఒక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కు విభాగములో కొలువు చేసి, కేబుళ్లు లాగించి, స్విచ్చులు బిగించి, అర్ధరాత్రి వార్డెన్ల ఫోనులకు ఉలికిపడి లేచి పరుగెత్తి, ఇటీవలనే పదవీవిరమణ చేసిన నేను మీకీ లేఖ వ్రాయుటకు సాహసించుచున్నాను. ప్రాంగణములలో అనుమతి లేకుండ తగిలించిన వైఫై పరికరములను కనిపెట్టి, అవి యున్న తావును గుర్తించి, ఆపైన వానిని తమంతట తామే అణచివేయగల యంత్రవ్యవస్థలు నేడు విపణిలో దొరకుచున్నవి. వానిని కొనుడని విక్రేతలు మీ కార్యాలయములకు వచ్చుచునే యుందురు. కనిపెట్టుట అవసరమే, తావును గుర్తించుట అంతకంటెను అవసరము. అణచివేయుట యను మూడవ గుణమునకై మాత్రము మీరు ధనము వెచ్చింపవలదనియు, ఆ ధనములో ఏ నాలుగవ భాగముతోనో మీ గోడలలోని తీగలను చక్కబరచి, పరికరమును వెదకుచు మెట్లెక్కి దిగగల మనిషి నొకనిని నియమింపుడనియు ప్రార్థించుటకే ఈ లేఖ.

ఒక రాత్రి జరిగిన సంగతి ముందుగా విన్నవించెదను. సెమిస్టరు పరీక్షలకు నాలుగు దినములు మిగిలియుండగా, పదకొండు గంటల వేళ, బాలుర హాస్టలు ఒకదానిలో నెట్ బొత్తిగా ఆగిపోయినదని వార్డెనుగారు ఫోను చేసిరి. నేను పోవునప్పటికి వరండాలో ముప్పది నలుబదిమంది విద్యార్థులు ల్యాప్‌టాపులు ఒడిలో పెట్టుకొని కూర్చుండియుండిరి. ఒకని యంత్రము తీసికొని దానికి దొరకిన చిరునామాను చూచితిని. అది 192.168.0తో మొదలగుచుండెను. మా నెట్‌వర్కులో అట్టి చిరునామా ఎచ్చటను లేదు. మావన్నియు 10తో మొదలగునవి. అంతట సంగతి బోధపడెను.

నెట్‌వర్కులో క్రొత్తగా చేరిన యంత్రము, తనకొక చిరునామా ఇచ్చువారెవరని నలుదిక్కులకును వినబడునట్లు కేక వేయును. ఆ కేకకు ఎవరు ముందుగా బదులు పలికిన వారి మాటనే సాధారణముగా నమ్మును. ఇంటి కొరకు చేసిన చిన్న రౌటరు నొకదానిని తెచ్చి, మన గోడనుండి వచ్చు కేబులును, బయటి నెట్‌వర్కు కొరకై యుంచిన దాని వాన్ పోర్టులో గాక, ప్రక్కనున్న నాలుగు లాన్ పోర్టులలో ఒకదానియందు పొరపాటున దూర్చినచో, ఆ పెట్టె హాస్టలునకంతకును తానే పెద్దయై చిరునామాలు పంచిపెట్టుటకు పూనుకొనును. ఆ చిరునామాలు పుచ్చుకొన్నవారికి బయటి లోకమునకు దారి యుండదు. ఇందులో దురుద్దేశమునకు తావు లేదు. ఒక కొసను ఒక రంధ్రమునకు మారుగా వేరొక రంధ్రములో పెట్టుటయే మూడువందల మంది చదువును ఆ రాత్రి స్తంభింపజేసినది.

స్విచ్చిలోనికి లాగిన్ అయి, ఆ రౌటరు మ్యాక్ అడ్రసు, అనగా దాని గుర్తింపు సంఖ్య, ఏ పోర్టు మీదుగా వచ్చుచున్నదో చూచితిని. 17వ పోర్టు. ర్యాకు తలుపునకు లోపలివైపున అతికించిన కాగితములో 17కు ఎదురుగా 214వ గది అని యుండెను. పోయి తలుపు తెరపించితిమి. లోపల విరిగిన మంచములు, చుట్టచుట్టిన పరుపులు తప్ప ఏమియు లేవు. అంతకు రెండేండ్ల క్రిందట మరమ్మతులు జరిగినప్పుడు కాంట్రాక్టరు మనుషులు కేబుళ్లను కత్తిరించి మరల క్రింపింగు చేసిరి. ఏ తీగ ఏ గదికి పోయినదో కాగితమున మార్చి వ్రాసినవారు లేరు. నేను 17వ పోర్టును మూసివేసితిని; హాస్టలు తేరుకొనెను. కాని ఆ పోర్టు ఎవరిదో, దాని చివర ఎన్ని గదులు వ్రేలాడుచున్నవో మాకు తెలియదు. తెల్లవారిన వెంటనే ఆ గదులవారందరును నెట్ లేదని ఆఫీసునకు వత్తురు. మరల తెరచినచో కథ మొదటికి వచ్చును.

అదృష్టవశమున, తీగమీది మాట ఆగినను ఆ పెట్టె గాలిలో పలుకుట మానలేదు. వైఫై పరికరము ప్రతిదియు, తన పేరును, తన గుర్తింపు సంఖ్యను, తాను కూర్చున్న ఛానెలును ఎడతెగక చాటుచుండును. దీనిని బీకను అందురు. మామూలు ఏర్పాటున ఇది 102.4 మిల్లీసెకండ్ల కొకసారి, అనగా సెకండునకు ఇంచుమించు పదిమార్లు, వెలువడును. పేరు కనబడకుండ చేసితిమని కొందరు ధీమాగా నుందురు గాని, అప్పుడు బీకనులో పేరు మాత్రమే ఖాళీయగును. 48 బిట్ల గుర్తింపు సంఖ్య యథాప్రకారము వినవచ్చుచునే యుండును, ఆ సంఖ్య మొదటి సగమును బట్టి తయారుచేసిన సంస్థ ఏదో తెలియును. వినుటకు ప్రత్యేకముగా ఏమియు ప్రసారము చేయనక్కరలేదు. కిస్మెట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరున్న ల్యాప్‌టాపు చాలును. ఒక్క జాగ్రత్త కలదు: వినునట్టి యంత్రము అన్ని ఛానెళ్ల మీదికిని గంతులు వేయుచున్నచో అంకెలు నిలుకడగా నుండవు, వెదకుచున్న ఛానెలునకే దానిని కట్టివేయవలెను.

ఇక నడక. సిగ్నలు బలమును డెసిబెల్ మిల్లీవాట్లలో కొలుతురు. రౌటరు ప్రక్కనే నిలిచినప్పుడు మైనస్ 30 చూపును, వినబడీ వినబడని దూరమున మైనస్ 90 చూపును; నడుమ ప్రతి పది అంకెలకును శక్తి పదింతలు మారును గనుక, మైనస్ 40కిని మైనస్ 70కిని నడుమ వేయిరెట్ల భేదము కలదు. అడ్డు లేని మైదానములో దూరము రెట్టింపైనచో ఆరు డెసిబెళ్లు తగ్గును. హాస్టలు మైదానము కాదు. రాతిగోడ మ్రింగును, ఇనుప బీరువా ప్రతిఫలింపజేయును, నీళ్ల ట్యాంకు పీల్చును. అందుచేత అంకె పెరిగినదని గ్రుడ్డిగా ముందుకు పోవువాడు ఒక్కొక్కప్పుడు బీరువా తలుపును చేరి నిలిచిపోవును.

నాకు ఈ విద్య నేర్పినది ఒక హ్యామ్ రేడియో మిత్రుడు. అభిరుచికొలది రేడియో నడపువారిని హ్యాములందురు. హ్యాములు ఆడుకొను 'నక్కవేట'లో ఒకరు చిన్న ప్రసారయంత్రమును పొదలలో దాచగా తక్కినవారు దిక్కుచూపు యాంటెనాలు చేతబట్టి దానిని వెదకి పట్టుకొందురు. 1926లో జపాను శాస్త్రజ్ఞులు యాగి, ఉదా అనువారు లోకమునకు తెలిపిన యాంటెనాయే, ఒకప్పుడు మన మేడలపై దూరదర్శన్ కొరకు నిలిచిన ఆ అల్యూమినియపు నిచ్చెనయే, ఈ వేటకును సాధనము. ఆ రాత్రి నా వద్ద అదియు లేదు. మిత్రుడు చెప్పిన ఉపాయము జ్ఞప్తికి వచ్చి, ఫోనును రొమ్మునకు ఆనించి పట్టుకొని, నిలిచినచోటనే మెల్లమెల్లగా చుట్టు తిరిగితిని. మానవదేహము చాలవరకు నీరే గనుక ఈ తరంగములను పీల్చుకొనును. రౌటరు నా వీపువైపున నున్నప్పుడు అంకె పడిపోవును. అట్లు పడిపోయినప్పుడు వీపు తిరిగియున్న దిక్కే వెదకవలసిన దిక్కు. ఫోనులోని అంకె రెండు మూడు సెకండ్లు వెనుకబడి మారును గనుక తొందరపడినవానికి ఈ ఉపాయము అక్కరకు రాదు. రెండవ అంతస్తున రెండు తావులలో, మెట్లమీద ఒకచోట, మూడవ అంతస్తున మరి రెండు తావులలో అట్లు తిరిగి, దిక్కులను మనసులోనే గీతలుగా గీసికొని, అవి కలిసిన చోటికి పోయితిని. వరండా చిట్టచివరి గది. అటకమీద ట్రంకుపెట్టె వెనుక, తడియారని తువ్వాలు కప్పుకొని, వేడెక్కి యుండెను ఆ రౌటరు.

ఆ గదిలోని పిల్లవాడు వణకిపోయెను. "మా రూముల సిగ్నల్ రాదు సార్. కంప్లైంట్ బుక్కుల మూడుసార్లు రాసిన. ఎవ్వరూ రాలే," అనెను. నా ఫోనులో మా విశ్వవిద్యాలయపు వైఫై బలమును చూచితిని: మైనస్ 86. మెట్లదారి రాతిగోడకు ఆవలనున్న ఆ గదికి మా తరంగము చేరనే చేరదు. మరునాడు ఫిర్యాదుల పుస్తకము తెప్పించి చూడగా మూడుమార్లు అతడు వ్రాసిన మాట నిజమే. రెండవ దాని క్రింద "చూడవలెను" అని వ్రాసియున్నది నా చేతివ్రాతయే. అది వ్రాసిన పిమ్మట రెండు నెలలు గడచినను నేను చూడలేదు. ఈ లేఖ వ్రాయుటకు నన్ను ప్రేరేపించినది ఆ ఒక్క పంక్తియే యని మీకు విన్నవించుటకు వెనుదీయను.

అట్లని అనుమతి లేని పరికరములన్నియు నిరపరాధములని నేననను. గాలిలో వినబడు అపరిచిత నామములలో, ప్రాంగణపు గోడకావల ఇండ్లవారివి కొన్ని. వానితో మనకు పనిలేదు. విద్యార్థుల ఫోనుల హాట్‌స్పాట్లు కొన్ని. అవి మన తీగను తాకవు. మన తీగకు తగులుకొని, మన రక్షణకుడ్యమునకు లోపలివైపున తలుపు తెరచునవి అసలైన దొంగదారులు. ఆ హాస్టలు బాలుని రౌటరునకు పాస్‌వర్డుండెను. లేకున్నచో వీధిలో నిలిచిన ఎవడైనను మా పరీక్షల విభాగపు సర్వర్లున్న వలలోనికి నడచి రాగలిగియుండును. వైఫై తొలినాటి గుప్తీకరణము బలహీనమని 2001లోనే పండితులు నిరూపించిరి. అయినను 2005లో అమెరికాలోని టీజేఎక్స్ అను దుకాణముల సంస్థలోనికి అట్టి బలహీనపు వైఫై మీదుగానే దొంగలు చొరబడి, నాలుగున్నర కోట్లకు పైగా కార్డుల వివరములను హరించిరి. మన దేశమున 2008 జులైలో అహమ్మదాబాదు ప్రేలుళ్ల సందర్భమున వచ్చిన బెదిరింపు ఈమెయిలు, నవీ ముంబయిలో ఏ పాపమునెరుగని యొక యింటివారి తాళము లేని వైఫై నుండి పోయినదని తేలినది. ఇవన్నియు నేనెరుగుదును. అన్నిటికంటె భయపడదగినది, మన విశ్వవిద్యాలయపు పేరే పెట్టుకొని ప్రసారము చేయు కవలయంత్రము: విద్యార్థి ఫోను దానిని మనదిగా భ్రమించి పాస్‌వర్డును సమర్పించును. అది మన తీగకు తగులుకొననక్కరలేదు గనుక స్విచ్చి పట్టికలో కనబడదు; గాలిలో విని, నడచిపోయి, చేతితో పట్టవలసినదే.

కొన్ని రౌటర్లు విద్యార్థి కంప్యూటరు మ్యాక్ అడ్రసునే అనుకరించి స్విచ్చిని మభ్యపెట్టును. వానికిని ఒక ఆనవాలు కలదు. విండోస్ యంత్రమునుండి వెలువడు ప్రతి సమాచారపు పొట్లమును సాధారణముగా 128 అను లెక్కతో బయలుదేరును. దారిలో రౌటరు నొకదానిని దాటగా ఒకటి తగ్గును. గోడలోని పోర్టునుండి నేరుగా రావలసిన పొట్లము 127తో వచ్చినచో, నడుమ ఎవరో యున్నారని గ్రహింపవచ్చును. ఇక తావును గుర్తించు మాటకు వచ్చినచో, రెండు మూడు యాక్సెస్ పాయింట్లు, అనగా మన వైఫై ప్రసారపెట్టెలు, విన్న బలములను పోల్చి తావును గణించు పద్ధతియు చిరకాలముగా నున్నదే. 2000లో మైక్రోసాఫ్ట్ పరిశోధనాలయమున బాల్, పద్మనాభన్ అను భారత సంతతి శాస్త్రజ్ఞులు, భవనములోని ప్రతి తావుకును సిగ్నళ్ల ముద్ర నొకదానిని ముందుగా నమోదు చేసి పోల్చినచో, ఇంచుమించు రెండు మూడు మీటర్లలో తావు చెప్పవచ్చునని చూపిరి. ఆ ముద్రలు నమోదు చేయుటకును ఒకడు ప్రతి గది యెదుటను నిలువవలెను గదా. లేనియెడల తెరమీది పటము మూడవ అంతస్తును రెండవ యంతస్తుగా చూపుట నేను పలుమార్లు చూచితిని.

ఇప్పుడు అణచివేత మాట. ఈ వ్యవస్థలు చేయు పని ఏమనగా, అపరిచిత పరికరము పేర తామే దొంగసందేశములు పంపి, దానితో మాట్లాడుచున్న ఫోనులను, ల్యాప్‌టాపులను క్షణక్షణము విడదీయుట. ఎవరిని? మనవారినో, గోడకావల కిరాయికున్న యింటివారినో, ఎదుటి ఆసుపత్రివారినో ఆ యంత్రమునకు నిశ్చయముగా తెలియదు. మన దేశమున 2.4 గిగాహెర్ట్జుల పట్టీని 2005లో లైసెన్సు అక్కరలేనిదిగా ప్రభుత్వము ప్రకటించినది. పరిమితికి లోబడి దానిని వాడుకొను హక్కు పొరుగింటివానికిని విశ్వవిద్యాలయమునకును సమానమే. అమెరికాలో నాష్‌విల్ నగరపు ఒక మారియట్ హోటలు, తన సభామందిరములలో అతిథుల సొంత హాట్‌స్పాట్లను ఇట్లే విడదీసి, తన వైఫైకి అధికమూల్యము పుచ్చుకొన్నందులకు 2014లో అక్కడి కమ్యూనికేషన్ల కమిషను ఆరు లక్షల డాలర్లు చెల్లింపజేసినది. మన టెలికాం శాఖయు 2022 జులైలో, ప్రత్యేకముగా అనుమతి పొందని జామర్ల వాడకము చట్టవిరుద్ధమని హెచ్చరించినది. విడదీయు సందేశము జామరుతో సమానమా కాదా యను వాదమునకు మీరు మీ విశ్వవిద్యాలయమును పణముగా పెట్టనేల? పైగా, 2009లో వెలువడిన 802.11డబ్ల్యూ ప్రమాణము ఇట్టి దొంగసందేశములను యంత్రము త్రోసిపుచ్చునట్లు చేసినది. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 అను వైఫై భద్రతాప్రమాణములో ఆ రక్షణ తప్పనిసరియైనది. అనగా రేపటి రౌటర్లపై ఈ అణచివేత పనిచేయదు. మీరు చెల్లించిన మూల్యము మాత్రము మిగులును.

మన అధికారము గాలిపై లేదు, తీగపై కలదు. గాలిలో విందము, తీగపై చర్య తీసికొందము. గోడలోని ప్రతి పోర్టును, యూజర్ పేరు పాస్‌వర్డు అడిగిన పిదపనే తెరచుకొనునట్లు చేయు 802.1ఎక్స్ అను ఏర్పాటు, అనుమతి లేని చిరునామాదాతల నోరు మూయించు డిహెచ్‌సిపి స్నూపింగు అను ఏర్పాటు, నేడు విశ్వవిద్యాలయములు కొనుచున్న స్విచ్చులలో సాధారణముగా ముందే యుండును. ఆ రెండవదానిని మేము ముందుగా ఆన్ చేసియున్నచో నేను చెప్పిన రాత్రి యుండెడిది కాదు. అదనపు మూల్యము లేని ఆ ఏర్పాటును పదేండ్లు మేము తెరచి చూడకపోవుటకు కారణము, ఆ పనికి తీరికయున్న మనిషి లేకపోవుటయే. ఇద్దరు ఉద్యోగులతో పదునాలుగు భవనములను చూచుచుంటిమి.

ఇక్కడ మరియొక సంగతి జ్ఞప్తికి వచ్చుచున్నది. 1942లో బొంబాయి నగరమున ఇరువదిరెండేండ్ల ఉషా మెహతాయు, ఆమె సహచరులును కాంగ్రెసు రేడియో యను రహస్యకేంద్రమును ఆగస్టు నుండి నవంబరు 12 వరకు తావులు మార్చుచు నడపిరి. పోలీసులు ప్రతి ప్రసారమును విని వ్రాసికొనుచుండిరి. తుదకు వారిని ఆ తావునకు చేర్చినది పట్టుబడిన సాంకేతికు డొకడు చెప్పిన మాట. ఆ స్వాతంత్ర్య మహోద్యమమునకును మా హాస్టలు బాలుని అవసరమునకును సామ్యము కల్పించుట నా యుద్దేశము కాదు. అనుమతి లేని యంత్రము వెనుక ఎల్లప్పుడును మనిషి యుండుననియు, ఆ మనిషి మాట వినినప్పుడే దాని సంగతి పూర్తిగా తేలుననియు మాత్రమే నేను చెప్పదలచితిని. రౌటరు తెచ్చుకొన్న విద్యార్థికి వేయి రూపాయల జరిమానా విధించుచున్న హాస్టళ్లను నేనెరుగుదును. జరిమానా పడిన దినమునుండి రౌటర్లు తగ్గవు. అటకమీదినుండి బీరువా అడుగునకు దిగును, తువ్వాలు మందమగును, వెదకువానికి ఒక గంట పట్టునది మూడు గంటలు పట్టును. మేము ఆ పిల్లవానికి జరిమానా వేయలేదు. మెట్లదారికి ఆవలివైపున ఒక యాక్సెస్ పాయింటు బిగించితిమి. వారము తిరుగకముందే ఆ వరుసలోని మరి ఇద్దరు, మేము అడుగకయే, తమ రౌటర్లను తెచ్చి ఆఫీసులో ఒప్పగించి, సెలవులకు ఇంటికి పోవునప్పుడు తిరిగి తీసికొనిపోయిరి. వారి వద్ద రౌటర్లున్నవని మాకు అదివరకు తెలియనే తెలియదు.

కనుక నా ప్రార్థన స్వల్పము. రాబోవు జూన్‌లో హాస్టళ్లు తెరచులోపల, సెలవులలో గదులు ఖాళీగా నున్నప్పుడు, ర్యాకులోని ప్రతి పోర్టునుండి ప్రతి గది గోడవరకు కేబులు టెస్టరుతో పరీక్షింపజేసి, రెండు కొసలకును ఒకే సంఖ్యను, చెరగని సిరాతో, వ్రాయింపుడు. సున్నము వేయు కాంట్రాక్టరు బిల్లు చెల్లించుటకు ముందు ఆ సంఖ్యలు చెక్కుచెదరలేదని నెట్‌వర్కు విభాగము సంతకము చేయవలెనను నిబంధన నొకదానిని చేర్పుడు. ఎడురోమ్ అను అంతర్జాతీయ విద్యాసంస్థల వైఫై ఏర్పాటు మన దేశమున ఎర్నెట్ అను విద్యా పరిశోధన నెట్‌వర్కు ద్వారా లభించుచున్నది. అందు చేరి, సర్వరు ధ్రువపత్రమును సరిచూచుకొనునట్లు విద్యార్థుల ఫోనులలో దానిని అమర్చి యిచ్చినచో కవలయంత్రముల బెడద చాలవరకు తీరును. ఒక ల్యాప్‌టాపును, ఒక దిక్కుచూపు యాంటెనాను ఇచ్చి, ఎలక్ట్రానిక్సు చదివిన యువకునో యువతినో ఈ పనికే నియమింపుడు. నెలకొకమారు ప్రతి అంతస్తును నడచి, ప్రతి గది యెదుట సిగ్నలు బలమును వ్రాసికొనుట వారి విధి కావలెను. బాలికల హాస్టళ్లలో ఆ నడక స్త్రీలకే అప్పగింపుడు.

దీనికి ముందు చేయదగిన పని యొకటి కలదు; దానికి ఖర్చు లేదు. రేపే మీ హాస్టళ్ల ఫిర్యాదుల పుస్తకములను తెప్పించి, గడచిన యేడాది "సిగ్నలు రాదు" అని వ్రాసిన గదుల సంఖ్యలను ఒక కాగితముపై ఎక్కింపజేసి, ఆ గదులకు హాస్టలు పటముపై ఎర్రసిరాతో గుర్తులు పెట్టింపుడు. వెదకుటకు బయలుదేరు మనిషి చేతికి ముందుగా ఆ పటమునే ఇండు.

ఇట్లు
భవదీయుడు,
పదవీవిరమణ చేసిన ఒక నెట్‌వర్కు ఉద్యోగి